తారీఖుల్లో తరుగు

పొద్దున్నే కొట్టు తెరవగానే ఇస్మాయిల్ చేసే మొదటి పని, నిన్నటి పనులన్నిటినీ ఇవాళ్టి పేజీలోకి ఎక్కించడం. అందుకోసం ఆయన దగ్గర ఒక పెద్ద డైరీ ఉండేది. మెడలో టేపు వేసుకుని, మిషన్ ముందు కూర్చుని, నీలం ఇంకు పెన్నుతో మొదలుపెట్టేవాడు. ‘కావేరిగారు - పట్టు జాకెట్టు - హుక్కులు.’ ‘జ్ఞానమ్మ టీచరుగారు - చేతులు అతకాలి.’ అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ప్రతి పేరు కిందా స్కేలు పెట్టి గీత గీసేవాడు. ముప్పై నలభై పేర్లు పూర్తయ్యేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చేది. అంత పని చేశాక ఏ మనిషికైనా అలసట రాకుండా ఉంటుందా? పెన్నుకు మూత పెట్టి, వేళ్ళు విరుచుకుని, ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గరికి వెళ్ళేవాడు.

తెనాలి మోరిస్‌పేటలో ఆ కొట్టు తెలియని ఆడవాళ్ళు తక్కువ. ఇస్మాయిల్ కుట్టిన జాకెట్టు చెయ్యి ఎత్తినా, దించినా ఒక్క ముడత పడదు. ఆ చేతుల కోసమే కొల్లిపర నుంచీ, జంపని నుంచీ, ఆయన పుట్టిన ఊరు రేపల్లె నుంచీ కూడా బట్టలు వచ్చేవి. వచ్చేవి గానీ, తిరిగి వెళ్ళేవి కావు.

అలాగని ఆయన్ని బద్ధకస్తుడు అనడానికి వీల్లేదు. బట్ట చేతికొచ్చిన సాయంత్రమే కత్తెర వేసేవాడు. ఒకరు కత్తిరించిన బట్టను ఇంకొక దర్జీ ముట్టడు, అది ఆ వృత్తిలో మర్యాద. కాబట్టి ముక్కలైపోయిన గుడ్డను ఏ తల్లీ మరో కొట్టుకు పట్టుకుపోలేదు. కత్తెరతో ఆ ముడి వేసేశాక ఇస్మాయిల్‌కు ఎక్కడలేని నిశ్చింత వచ్చేది. ముక్కల్ని మూటకట్టి, చీటీ గుచ్చి, బీరువాలో పెట్టేవాడు. మిగతా దర్జీలు కుట్టు లోపల అరంగుళం బట్ట వదిలితే ఈయన అంగుళం వదిలేవాడు. బట్ట తన దగ్గర ఉన్నన్నాళ్ళలో మనిషి కాస్త ఒళ్ళు చేస్తుందని ఆయన అనుభవం.

సందు మలుపులో ఎవరి గొంతు వినబడితే వాళ్ళ మూట బీరువాలోంచి బయటికొచ్చేది. ఆమె గుమ్మం ఎక్కేలోపల ఆమె జాకెట్టు ముక్క సూది కింద ఉండేది.

“మీదేనమ్మా, మిషన్ మీదే ఉంది. రేపు రండి” అనేవాడు ఇస్మాయిల్. మిషన్ మీద ఉన్న మాట నిజమే కదా.

తెనాలి ఆడవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? పెళ్ళి ఇరవయ్యో తారీఖున ఉంటే, “పదో తారీఖే అన్నయ్యా, పదకొండున ఇచ్చినా దండగే” అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఆ సంగతి ఇస్మాయిల్ పసిగట్టి చాలా ఏళ్ళయింది. పాత బంగారం ఇస్తే కంసాలి తరుగు తీసేసినట్టు, ఎవరు ఏ తారీఖు చెప్పినా అందులోంచి పది రోజుల అబద్ధాన్ని తరుగు కింద తీసేసి, ‘అసలు తారీఖు’ను డైరీలో రాసుకునేవాడు. ఈ విద్యను దాచుకోలేదు కూడా. టీ బంకు దగ్గర నలుగురికీ చెప్పుకుని నవ్వేవాడు. లెక్క చాలాసార్లు సరిపోయేది కూడా. సరిపోవడమే వచ్చిన చిక్కు.

ఆయన భార్య నాజియాకు ఈ తరుగు సంగతి అందరికంటే బాగా తెలుసు. తొమ్మిదింటి రైలును ఎనిమిదింటి రైలని చెప్పేది. సాయంత్రం పెళ్ళిని మధ్యాహ్నం పెళ్ళనేది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె భర్తకు ఒక్క నిజమైన టైము చెప్పలేదు. ఇద్దరూ సుఖంగానే ఉన్నారు.

కూతురు సుమయా మాత్రం వేరే రకం. పదిహేడేళ్ళ పిల్ల, సన్నగా, కళ్ళద్దాలతో, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ రేపల్లెలో నానమ్మ మున్నీ బీ దగ్గర ఉండి చదివింది. పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకుని, బాపట్లలో వ్యవసాయ డిగ్రీ సీటు సంపాదించింది. మట్టిని పరీక్ష చేసే ఉద్యోగం చెయ్యాలని ఆ పిల్ల కోరిక. దర్జీ ఇంట్లో ఆ కోరిక ఎలా పుట్టిందో ఎవరికీ తెలియదు.

సీటొచ్చిన సాయంత్రం సుమయా తండ్రి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

“నాన్నా, ఆగస్టు ఇరవై నాలుగు సాయంత్రం ఐదింటిలోపు ఒరిజినల్ కాగితాలన్నీ పట్టుకుని బాపట్లలో హాజరవ్వాలి. లేకపోతే సీటు తర్వాతి ర్యాంకు వాళ్ళకి వెళ్ళిపోతుంది. అన్నీ ఉన్నాయి, టీసీ ఒక్కటే లేదు. అది రేపల్లె కాలేజీలో తీసుకోవాలి. చేర్చినప్పుడు సంతకం పెట్టింది నువ్వు కాబట్టి నువ్వే రావాలంట.”

“ఓస్, అంతేగా” అన్నాడు ఇస్మాయిల్. డైరీ తీసి, పేజీలు తిప్పి, ‘సుమయా టీసీ’ అని రాసి, కూతురు కదా అని కింద రెండు గీతలు గీశాడు. ఆయన రాసింది సెప్టెంబరు మూడో తారీఖు పేజీలో.

ఆ తర్వాత పదిహేను రోజులూ సుమయా రోజూ గుర్తు చేస్తూనే ఉంది. ఇస్మాయిల్ రోజూ, “తెలుసు తల్లీ, రాసి పెట్టుకున్నాను” అంటూనే ఉన్నాడు. రాసుకున్న మనిషిని ఎలా అనుమానించడం?

ఇరవై నాలుగో తారీఖు పొద్దున ఇస్మాయిల్ కొట్లోకి వచ్చేసరికి ఆయన కుర్చీలో సుమయా కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి.

“ఏంటమ్మా, పొద్దున్నే తయారయ్యావు?”

“ఇవాళ ఇరవై నాలుగు నాన్నా.”

“అయితే?”

“ఐదింటికి అయిపోతుంది.”

“ఇంకా పది రోజులుంది తల్లీ. ఇదిగో, చూడు” అని ఇస్మాయిల్ మూడో తారీఖు పేజీ తెరిచి, రెండు గీతల మీదా వేలు ఆనించి చూపించాడు.

సుమయా ఆ పేజీని చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మూడోసారి చదివింది.

“నాన్నా, నాక్కూడా తరుగు తీశావా?”

“నీక్కాదమ్మా, వాళ్ళకి. ఎవరైనా పది రోజులు ముందే చెప్తారు. లోకరీతి అది.”

“చెప్పింది కంప్యూటరు నాన్నా. ఐదు కాగానే అదే మూసుకుంటుంది. దానికి నీ సంగతి తెలీదు.”

కొట్టు వెనకే ఇల్లు. వంటగదిలోంచి నాజియా గరిటెతో సహా వచ్చేసింది.

“నీకు వెయ్యిసార్లు చెప్పానా, మీ నాన్నకి నిజం తారీఖు చెప్పొద్దని! పద్నాలుగని చెప్పి ఉంటే ఈపాటికి హాస్టల్లో టిఫిన్ తింటూ ఉండేదానివి.”

“నేను అబద్ధం చెప్పనమ్మా.”

“చెప్పకు. ఈ ఏడాదంతా ఇంట్లో కూర్చుని, నిజాలు చెప్పుకుంటూ హుక్కులు కుట్టు.”

 ఆ మాటకు సుమయా కింది పెదవిని పళ్ళతో పట్టుకుంది. చిన్నప్పుడు టీకా వేయించుకునేటప్పుడు కూడా అలాగే పట్టుకునేది, ఏడవకుండా ఉండడానికి. అది చూశాక ఇస్మాయిల్ డైరీ మూసేశాడు. మెడలో టేపు తియ్యకుండానే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

“పద, ఎనిమిదింటి పాసింజరు అందుకుందాం.”

సుమయా లేచి, నేరుగా బీరువా దగ్గరికి వెళ్ళి, అడుగు అరలోంచి ఒక మూట లాగి సంచిలో పెట్టుకుంది.

“ఎవరిది?”

“సీతారావమ్మ మేడమ్‌ది.”

 సీతారావమ్మ రేపల్లె కాలేజీలో క్లర్కు. టీసీలు రాసేది ఆవిడే. ఆ మూట వచ్చి నాలుగు నెలలైంది.

పాసింజరు బండిలో తండ్రీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు.  వేమూరు దాటాక కిటికీలోంచి పొలాలు చూస్తూనే సుమయా అంది.

“ఇది పోతే మళ్ళీ పరీక్ష రాయాలి నాన్నా. ఏడాది పోతుంది. మళ్ళీ ఈ ర్యాంకు వస్తుందో, రాదో.”

“పోదమ్మా.”

“ఎలా తెలుసు?”

 ఇస్మాయిల్ ఎవరికైనా చెప్పే జవాబు ఒక్కటే. అది ‘రేపు’. ఇవాళ ఆ మాట పనికిరాదు.

రేపల్లె కాలేజీ ఆఫీసులో సీతారావమ్మ అప్పుడే వచ్చి ఫ్యాను కింద చెమట ఆర్చుకుంటోంది. భారీ మనిషి, మెడలో కళ్ళజోడు గొలుసు. ఇస్మాయిల్‌ని చూసి నింపాదిగా కళ్ళజోడు పెట్టుకుంది.

“ఎవరూ? ఇస్మాయిలే! దారి తప్పి వచ్చావా?”

“అక్కా, మా అమ్మాయి టీసీ...”

“ఓ, మీదేనా? మీదే రాస్తున్నానయ్యా. పెన్ను కిందే ఉంది. రేపు రా.”

ఆఫీసులో మిగతావాళ్ళు ఫైళ్ళలో తలలు దూర్చుకుని నవ్వారు.

“ఇవాళే ఆఖరు రోజక్కా. సాయంత్రం ఐదింటికి బాపట్లలో ఉండాలి.”

“అందరూ అలాగే చెప్తారు. పది రోజులు తరుగు తీసుకో, బోలెడు టైముంటుంది. మా మేనల్లుడి గృహప్రవేశానికని కదయ్యా ఆ జాకెట్టు ఇచ్చాను! వాళ్ళు గృహంలోకి ప్రవేశించి, పైన ఇంకో అంతస్తు కూడా లేపారు. నేను పాత జాకెట్టుతో పోయి, ఫొటోలన్నిట్లో వెనక నిలబడ్డాను.”

ఇస్మాయిల్ తల వంచుకున్నాడు. సుమయా ముందుకొచ్చి మూటను బల్ల మీద పెట్టింది. “మేడమ్, నాన్న ఇప్పుడే కుట్టి ఇస్తాడు.”

సీతారావమ్మ ఆ పిల్ల మొహం చూసి గొంతు తగ్గించింది.

“నీ పని ఎందుకు ఆపుతానే, పిచ్చి పిల్లా? ప్రిన్సిపాల్ గారు మీటింగులో ఉన్నారు, పన్నెండింటికి గానీ రారు. ఆయన సంతకం లేందే టీసీ కాగితం ముక్కతో సమానం. ఈలోపల మీ నాన్నకు వేరే పనేముంది? కుట్టమను.”

మున్నీ బీ ఇల్లు పక్క వీధిలోనే. ఇంట్లో ఆమె పాత కాలి మిషన్ ఉంది. ఇస్మాయిల్ పని నేర్చుకున్నది దాని మీదే. కొడుకు, మనవరాలు చెప్పిందంతా విని ముసలావిడ నోరు నొక్కుకుంది.

“నీ తప్పు కాదులేరా. డాక్టరమ్మ చెప్పిన తారీఖు దాటి పది రోజులకి పుట్టావు. ఆనాడే తరుగు తీశావు.”

“అమ్మా, నూనె డబ్బా ఎక్కడుంది?”

“టీ పెట్టనా?”

“వద్దు.”

మున్నీ బీ నిర్ఘాంతపోయి మనవరాలి వైపు చూసింది. వీడు టీ వద్దనడం ఆమె ఎప్పుడూ వినలేదు.

సుమయా తన ఫోన్లో టైము కనబడేట్టు పెట్టి మిషన్ చివర నిలబెట్టింది. పదీ ఇరవై ఐదు. ఇస్మాయిల్ మూట విప్పాడు. నాలుగు నెలల కింద తనే కత్తిరించిన ముక్కలు ఎవరో పాత స్నేహితుల్లా కనిపించాయి. సీతారావమ్మ నిజంగానే కాస్త ఒళ్ళు చేసింది. అంగుళం వదిలింది మంచిదయింది. పక్క కుట్లు ఆ మేరకు వదులుగా వేశాడు. లైనింగు అతికాడు, మెడ తిప్పాడు, చేతులు వేశాడు. డైరీ లేదు, సందు మలుపు లేదు, గొంతులు లేవు. పెడల్ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మున్నీ బీ కళ్ళజోడు సర్దుకుని హుక్కులు కుట్టింది. ఆఖరి దారం తెంపి ఇస్మాయిల్ తలెత్తేసరికి ఫోన్లో పదకొండున్నర.

ఆయన ఫోను వైపు చూశాడు. జాకెట్టు వైపు చూశాడు.

“సుమయా, పదిన్నర నుంచి పదకొండున్నర అంటే ఎంత?”

“గంట నాన్నా. నువ్వు మొదలుపెట్టింది ఇంకో ఐదు నిమిషాల ముందు.”

“ఈవిడ పేరు రోజూ డైరీలో రాసి గీత గీస్తాను కదా. దానికి అర నిమిషం పడుతుంది. నాలుగు నెలలకి ఎంతవుతుంది?”

సుమయా లెక్కల్లో దిట్ట. “నూట ఇరవై రోజులు. అర నిమిషం చొప్పున అరవై నిమిషాలు. గంట.”

 జాకెట్టు కుట్టడానికి ఎంత పట్టిందో, కుట్టాలని రాసుకోవడానికీ అంతే పట్టింది. బీరువాలో ఇంకా ముప్పై ఎనిమిది మూటలున్నాయి. ఆ లెక్క అడగడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు.

సీతారావమ్మ వెనక గదిలోకి వెళ్ళి జాకెట్టు వేసుకుని వచ్చింది. చెయ్యి ఎత్తింది, దించింది, బీరువా మీది ఫైలు అందుకుంది, అవసరం లేకపోయినా ఇంకో ఫైలు అందుకుంది. ఎక్కడా ముడత లేదు.

“పాపిష్టోడా” అంది ప్రేమగా. “ఇంత పని చేతిలో పెట్టుకుని ఎందుకయ్యా మమ్మల్ని ఏడిపిస్తావు?” అని సొరుగు లాగింది. టీసీ రాసి పెట్టే ఉంది. కింద తారీఖు ఆగస్టు ఎనిమిది. “పిల్లకి సీటొచ్చిందని తెలిసిన రోజే రాశాను. నువ్వొచ్చి సంతకం పెట్టడమే తరువాయి.”

పన్నెండుంపావుకు ప్రిన్సిపాల్ వచ్చి సంతకం పెట్టాడు. ఒంటిగంట దాటాక బాపట్ల బస్సు దొరికింది. చెరుకుపల్లిలో డ్రైవరు బస్సు ఆపి టీకి దిగాడు. ఐదు నిమిషాలైంది, పదైంది. ఇస్మాయిల్ కిటికీలోంచి సగం బయటికి వచ్చేశాడు.

“డ్రైవరన్నా! టీ రేపు తాగొచ్చు గదయ్యా!”

“ఏంటి బాబాయ్, కాన్పు కేసా?” అన్నాడు కండక్టరు.

“కాలేజీ కేసు. ఐదింటికి మూసేస్తారు.”

“మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?”

బస్సంతా ఇస్మాయిల్ వైపు తిరిగింది. సుమయా కూడా ఆసక్తిగా తిరిగింది. ఇస్మాయిల్ మెడలో టేపును వేలికి చుట్టుకుంటూ, “రాసుకుంటున్నానండి” అన్నాడు.

బాపట్ల కాలేజీకి చేరేసరికి మూడున్నర. కౌంటరు ముందు మనుషులు బారులు తీరి ఉన్నారు. ఆఖరి రోజుకి వాయిదా వేసుకునే వాళ్ళు లోకంలో తానొక్కడే కాదని ఇస్మాయిల్‌కు కాస్త ఊరట కలిగింది. వరస నత్తలా కదులుతోంది. నాలుగు దాటింది. ఆయన కాళ్ళు మార్చుకుంటూ, అలవాటు చొప్పున, “మరీ రద్దీగా ఉందమ్మా, రేపొస్తే...” అని ఆగిపోయాడు. సుమయా ఆయన వైపు చూసింది, అంతే. ఇస్మాయిల్ ఒక అడుగు ముందుకు జరిగి, ముందాయన వీపుకు ఆనుకుని నిలబడ్డాడు.

వాళ్ళ వంతు వచ్చేసరికి నాలుగూ నలభై. కౌంటరులో అమ్మాయి కాగితాలు ఒక్కొక్కటే చూసి, టీసీ దగ్గర ఆగి, సంతకం చూసి, టక్కున స్టాంపు వేసింది.

“అయిపోయిందమ్మా. సోమవారం నుంచి క్లాసులు” అంది.

“ఖాయమేనా అండి?” అన్నాడు ఇస్మాయిల్. “అంటే, సోమవారం అంటే సోమవారమేనా?”

“సోమవారం అంటే సోమవారమే సార్.”

బయటికొచ్చాక సుమయా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పొద్దుట్నుంచీ పళ్ళ కింద పట్టుకున్నదంతా ఒక్కసారి వదిలింది. ఇస్మాయిల్ పక్కన కూర్చున్నాడు. ఏం చెప్పాలో తెలియక, మెడలో టేపు తీసి చేతిలో పెట్టుకుని, “హాస్టల్‌కి కావాల్సిన బట్టలు నేను కుడతానమ్మా” అన్నాడు.

“వద్దు నాన్నా” అంది సుమయా కళ్ళు తుడుచుకుంటూ. “రెడీమేడ్ కొనుక్కుంటా.”

అప్పుడు ఇద్దరూ నవ్వారు. కానీ ఆ మాట ఇస్మాయిల్‌కు గుచ్చుకుంది. ఆ రెండు రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నానికల్లా, ఆ పిల్లకి నాలుగు జతలు కుట్టి ఇస్త్రీ చేసి పెట్టాడు.

తర్వాత బీరువా మీద పడ్డాడు. గంటకొక జాకెట్టు. తెల్ల కాగితం మీద గంటలు మాత్రం రాసుకుని గోడకు అంటించాడు. కొత్త బట్ట వస్తే కత్తెర ముట్టేవాడు కాదు. “కుట్టే రోజునే కోస్తానమ్మా. ఈలోపల మనసు మారితే పట్టుకుపోండి” అనేవాడు. వారం పది రోజుల్లో ముప్పై ఎనిమిది మూటలూ జాకెట్లయ్యాయి.

అయితే వాటిని పట్టుకుపోవడానికి ఎవరూ రాలేదు. చెప్పిన రోజుకి ఇస్మాయిల్ ఇవ్వడని ఊరందరికీ తెలుసు కదా. పది రోజులు పోయాక చూద్దామని ఎవరి ఇళ్ళలో వాళ్ళు కూర్చున్నారు. ఇస్మాయిల్ ఫోన్లు చేశాడు.

“కావేరిగారండీ, మీ పట్టు జాకెట్టు అయిపోయిందండి. వచ్చి తీసుకెళ్ళండి.”



“ఎవరండీ మాట్లాడేది?”

“ఇస్మాయిల్‌నండి, టైలర్ని.”

“ఇస్మాయిల్ అన్నయ్యకి ఏమైంది?” అంది కావేరి కంగారుగా. “ఒంట్లో బాగానే ఉందా?”

జ్ఞానమ్మ టీచరుగారయితే, “సరేలే ఇస్మాయిలూ, రేపొస్తాలే” అని ఫోను పెట్టేసింది. పండగలు రెండు వెళ్ళిపోయాక గానీ తెనాలికి నమ్మకం కుదరలేదు.

నాజియాకు ఇంకా ఆలస్యంగా కుదిరింది. ఆ చలికాలం బావగారి కొడుకు పెళ్ళికి తొమ్మిదింటి రైలును అలవాటుగా ఎనిమిదింటి రైలని చెప్పింది. ఇస్మాయిల్ ఏడూ నలభై ఐదుకే స్టేషన్లో ఉన్నాడు. ఆమె తీరిగ్గా వచ్చేసరికి బెంచీ మీద కూర్చుని, ఒక్కడే, రైలు కోసం పట్టాల వైపు చూస్తున్నాడు. ఆమెకు జాలేసి, ఇరవై ఏళ్ళలో మొదటిసారి అసలు టైము చెప్పింది. “ఇది కూడా తరుగేనా?” అని ఆయన దెబ్బలాడాడు.

పూర్తిగా బాగుపడ్డాడని చెప్పలేం. కళ్ళు పరీక్ష చేయించుకోమని డాక్టరు చెప్పి ఏడు నెలలైంది. సూదిలో దారం ఎక్కించడానికి నాజియాను పిలుస్తున్నాడు గానీ వెళ్ళడం లేదు.

సుమయా ఇప్పుడు బాపట్లలో రెండో సంవత్సరం చదువుతోంది. ఇస్మాయిల్ రోజుకి ఆరు జాకెట్లు కుడతాడు. శుక్రవారం మాత్రం కొట్టుకు సెలవు.